పోశెట్టి పడని రోజు

1963 ఫిబ్రవరి 10, ఆదివారం, పొద్దున. మిల్లు పత్తి గోదాము వెనక తవ్వించిన మట్టి గోదా.

హాజరైనవారు: మిల్లు మేనేజరు, ఆయన భార్య. సెక్యూరిటీ ఆఫీసరు, సైన్యంలో మేజరుగా చేసి వచ్చినవాడు కాబట్టి అందరం మేజర్ సాబ్ అనేవాళ్లం. కొత్త యంత్రాలు బిగించడానికి జపాను నుంచి వచ్చిన ఇంజనీరు ఓకాడా. ఆదిలాబాద్‌లో కుస్తీ తాలీం నడిపే గణపతి వస్తాద్, వెంట ఆయన శిష్యులు కొందరు. మా కావలివాళ్లలో ఆ పూట డ్యూటీ లేనివాళ్లంతా. వాళ్లలో యాకూబ్, పోశెట్టి. నేను.

డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. ఏ రోజుదైనా ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో, ఆ తర్వాత ఏం జరిగిందో, ఆ వరుసలో రాస్తాను. ఆ ఆదివారం మొదటి రెండూ రాసి, మూడోది రాయలేక మూసేశాను. పని విడిచి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మా దగ్గర పనిచేసిన కావలివాళ్ల తమ్ముళ్లు, కొడుకులు ఇప్పుడు అదే పనిలోకి, పోలీసు పనిలోకి పోతున్నారు. దారిలో కనబడితే ఆపి, జుజుత్సు గట్టిదా ఐకిడో గట్టిదా అని అడుగుతారు. ఆ అడగడంలోనే తప్పుంది. ఎందుకో చెప్పడానికి నా ఉద్యోగం ఎట్లా మొదలైంది, ఎవరు నన్ను మెచ్చుకున్నారు అన్నవి అక్కరలేదు. కొందరు మనుషుల సంగతి చెబితే చాలు.

సార్జెంటు నేర్పింది

మాది కరీంనగర్ దగ్గర మానేరు ఒడ్డున ఒక ఊరు. నిజాం సైన్యంలో ఉన్నప్పుడు, పెద్ద యుద్ధం రోజుల్లో, ఒక శిక్షణ శిబిరంలో తెల్ల సార్జెంటు ఒకాయన మాకు జుజుత్సు నేర్పాడు. చేతిలో ఆయుధం లేనప్పుడు ఆయుధం ఉన్నవాడి నుంచి బతికి బయటపడటం ఆ విద్య పని. సార్జెంటు ప్రతి పాఠానికీ మూడు మాటలే వాడేవాడు: కొట్టు, పట్టు, విరువు. ముందు ముఖం మీదికి ఒక దెబ్బ విసరాలి. అది తగలకపోయినా పరవాలేదు, ఎదుటివాడి ధ్యాస అటు పోతుంది. ఆ కాస్త సందులో వాడి మణికట్టో మోచెయ్యో దొరికించుకోవాలి. దొరికిన కీలును అది వంగని వైపుకు వంచాలి.

మేం ఒకరి మీద ఒకరం సాధన చేసేవాళ్లం. నొప్పి పుట్టగానే తొడ మీద చరిస్తే ఎదుటివాడు వదిలేసేవాడు. ఆ చరుపు కూడా పాఠంలో భాగమేనని మాలో ఎవరికీ తట్టలేదు. బయటి మనిషికి ఆ చరుపు తెలియదు కదా.

నలభై ఎనిమిది తర్వాత మా సైన్యాన్ని రద్దు చేశారు. యూనిఫాం అప్పగించి ఇంటికి వచ్చి, బాపుతో కలిసి కొన్నాళ్లు వ్యవసాయం చేశాను. ఆదిలాబాద్ దాటి పెనుగంగ వైపు పోయే బాటలో నూలు మిల్లు ఒకటి లేస్తున్నదనీ, కావలివాళ్లకు కవాతు, పట్లు నేర్పే హవల్దారు కావాలనీ విని పోయాను. మిల్లు పేరు ఇక్కడ రాయను. దొరికిన ఉద్యోగంలోనే నా జీవితం గడిచింది.

తాగినవాడి చెయ్యి

పత్తి కాలంలో మిల్లు గేటు ముందు బండ్లు బారు తీరేవి. ఒక సాయంత్రం బాజీరావు అనే బండివాడు కల్లు మీద ఉండి, వరస తప్పించి తన ఎడ్లను లోపలికి తోలబోయాడు. అడ్డం పోయి మణికట్టు పట్టాను. సార్జెంటు చెప్పినట్టే బొటనవేలు వాడి అరచేతి వెనక పెట్టి, చేతిని వాడి భుజం వైపు మడిచి బయటికి తిప్పాను. శిబిరంలో ఎవడైనా ఆ పట్టుకు మోకాళ్ల మీదికి వచ్చేవాడు. బాజీరావు నా ముఖంలోకి చూసి నవ్వాడు.

"ఏంది హవల్దార్ సాబ్, చెయ్యి వట్టుకుంటివి? నన్ను లగ్గం జేసుకుంటవా?"

బారులో ఉన్న బండివాళ్లంతా గొల్లుమన్నారు. నేను ఇంకాస్త బిగించాను. వాడు రెండో చేత్తో ములుగర్ర మొదలు నా చెవి మీద దించాడు. చివరికి యాకూబ్, మరొకడు వచ్చి వాణ్ణి ఎత్తి అవతల కూర్చోబెట్టారు.

మర్నాడు బాజీరావు వాపెక్కిన చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నిషా దిగింది. "నిన్న ఏం జేసినవ్ సాబ్? పగ్గం వట్టొస్తలేదు. ఎడ్లు నా మాట ఇంటలేవు" అన్నాడు. వాడి మాటలో కోపం లేదు, ఏడుపు ఉంది. అది మరింత బాధ పెట్టింది.

కొత్తవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. నొప్పి మీద ఆధారపడిన పట్టు, నొప్పి తెలిసినవాడి మీదే పనిచేస్తుంది. తాగినవాడికీ, పిచ్చి కోపంలో ఉన్నవాడికీ నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. అప్పటికి కీలు చెడిపోయి ఉంటుంది. ఎదుటివాడు ఆగకపోగా, వాడి బతుకుదెరువు ఆగిపోతుంది.

ఓకాడా

ఓకాడా వచ్చేనాటికి నలభై దాటినవాడు. నా భుజం దాకా వస్తాడేమో. గెస్ట్ హౌసులో ఉండేవాడు, పొద్దున్నే మా కవాతు మైదానం పక్కన నడిచేవాడు. ఒకరోజు మేం మణికట్టు పట్టు సాధన చేస్తుంటే ఆగి చాలాసేపు చూశాడు. దగ్గరికి వచ్చి తన చెయ్యి నాకు అందించి, పట్టుకొమ్మని సైగ చేశాడు.

పట్టుకున్నాను. ఆయన చెయ్యి లాక్కోలేదు, తోయలేదు. ఒక అడుగు పక్కకు వేసి, నడుము తిప్పాడు. నా చెయ్యి ఆయన చేతి వెంట పోయింది, చెయ్యి వెంట భుజం, భుజం వెంట నేను. నా కాళ్ల కింద నేల ఎక్కడుందో వెతుక్కుంటున్నప్పుడు ఆయన బొటనవేలు నా అరచేతి వెనక ఆనింది. నాకు తెలిసిన పట్టే అది. సార్జెంటుదే. కానీ అది పడేసరికే నేను సగం పడిపోయి ఉన్నాను. నొప్పి లేదు. నెమ్మదిగా పడ్డాను.

"ఔర్ ఏక్ బార్" అన్నాడు ఓకాడా. ఆయనకు వచ్చిన నాలుగైదు హిందీ ముక్కల్లో అది ఒకటి.

ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో, సైగలతో నెలల తరబడి మాట్లాడుకున్నాం. నాకు అర్థమైనది ఇది. వాళ్ల దేశంలో కత్తి పోగొట్టుకున్న యోధులు చేతులతో పోరాడటానికి పెంచుకున్న పాత విద్య జుజుత్సు. అందులో చాలా శాఖలు. ఐకిడో అందులో ఒక శాఖ నుంచి ఈ మధ్య కాలంలో పుట్టింది. మణికట్టు పట్టు, మోచెయ్యి పట్టు, ముఖం మీదికి దెబ్బ విసిరి ధ్యాస మళ్లించడం, అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. మారింది వరస. సార్జెంటు కీలును ముందు పట్టి, దానితో మనిషిని పడగొట్టేవాడు. ఓకాడా మనిషి తూకం ముందు తప్పించి, పడబోతున్నవాడి కీలును పట్టేవాడు. సార్జెంటు మోచేతిని చాచి పైనుంచి దెబ్బ వేయమనేవాడు. ఓకాడా అదే మోచేతిని మనిషి తల వైపే పొర్లించి, ముందుకు నడిచి, బోర్లా పడుకోబెట్టేవాడు. కీలు ఎటు వంగుతుందో అటే తీసుకుపోవడం వల్ల అది విరగదు.

ఆ పత్తి కాలంలోనే గేటు దగ్గర తాగినవాడొకడు నా మీదికి వస్తే, పక్కకు తప్పుకుని వాడి చేతి వెంట తిరిగాను. వాడు నేల మీద కూర్చుని, ఎట్లా కూర్చున్నానని ఆశ్చర్యపోయాడు. నొప్పి తెలియనివాడైనా తూకం తప్పితే పడక తప్పదు.

అయితే ఓకాడా గొప్పలు చెప్పే మనిషి కాదు. ఒకసారి నేను మరీ మురిసిపోతుంటే ఆపి, తమ సాధనశాలలో అందరూ పడటం నేర్చినవాళ్లే అన్నాడు. తను తిప్పితే వాళ్లు తిరుగుతారు, అందుకే అంత అందంగా కనిపిస్తుంది. బయటివాడు తిరగడు, బిగుసుకుంటాడు. బిగుసుకున్న మనిషి మీద ఇదే పట్టు పాత విద్య అయిపోతుంది. అప్పుడు వదిలెయ్యాలి, లేదా మరో దిక్కుకు పోవాలి. తెలియని చేతిలో రెండు విద్యలకూ తేడా లేదు.

పడటం

పోశెట్టి మా కావలివాళ్లలో అందరికంటే బలవంతుడు. గణపతి వస్తాద్ తాలీంలో పెరిగాడు. తండ్రి చిన్నప్పుడే పోతే వస్తాదే తిండి పెట్టి, లంగోటా కట్టించి, మట్టిలో దించాడట. ఈ జిల్లాలో ఏ జాతర గోదాలోనూ పోశెట్టి వీపు మట్టికి తాకించినవాడు లేడు. కుస్తీలో రెండు భుజాలూ మట్టికి తాకితే చిత్, ఆట అయిపోయినట్టు. అది ఒక్క ఓటమి కాదు. "ఫలానావాని ఈపు తాకింది" అని చాయ్ హోటళ్లలో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఓకాడా తనకంటే రెండింతలున్న పోశెట్టి తూకాన్ని ఇట్టే తప్పించేవాడు. కానీ పడవలసిన చోట పోశెట్టి పడేవాడు కాదు. పళ్లు బిగబట్టి, మణికట్టు వణుకుతున్నా నిలబడేవాడు. ఓకాడా వెంటనే వదిలేసి తల ఊపేవాడు. పోశెట్టికి ఆ విద్య కావాలి. బలం లేకుండా బలవంతుణ్ణి తీసుకుపోవడం చూసి అతనికి మనసైపోయింది. ఓకాడా మాత్రం పడటం రానివాడికి పడగొట్టడం నేర్పనన్నాడు.

"పడకుంట ఉండుడు నేర్చుకుంటానికే నా పానం పోయింది సాబ్" అన్నాడు పోశెట్టి నాతో. "ఇప్పుడు పడుడు నేర్చుకోవాల్నా? మా వస్తాద్‌కు తెలిస్తే చెప్పు తీస్కొని కొడ్తడు."

యాకూబ్ ఊరుకుంటాడా. పోశెట్టి భార్యను చెల్లె అని పిలిచేవాడు. "అరె పైల్వాన్, ఇంట్ల మంచం మీద సుత బోర్ల పండుతవా ఏంది? మా చెల్లె గంగును అడుగుత ఆగు."

"నీ నోట్ల మన్నువడ. పండుడు వేరు, పడుడు వేరు."

ఓకాడా నేల మీద దొర్లి చూపించాడు. కుడి చేతి మీదుగా, కుడి భుజం, అక్కణ్ణుంచి ఏటవాలుగా ఎడమ నడుము, లేచి నిలబడ్డాడు. పోశెట్టి తల అడ్డంగా ఊపాడు. "దొర్లితె ఈపు తాకినట్టే గదా."

దీని మీద ఒక పూటంతా పంచాయితీ నడిచింది. ఒకడు తాకినట్టే అన్నాడు, ఒకడు తాకి లేచింది కాబట్టి లెక్కకు రాదన్నాడు. చివరికి యాకూబ్ పోయి గోడలకు వేసే సున్నం తెచ్చి ఒక గోనెపట్టా మీద పూశాడు. పోశెట్టి చొక్కా విప్పి, చుట్టూ చూసి, దాని మీద దొర్లాడు. లేచి నిలబడి వీపు మాకు తిప్పాడు. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా ఒకే తెల్లటి పట్టీ. ఎడమ భుజం మీద మచ్చ కూడా లేదు.

"జందెం లెక్క పడ్డదిరా!" అని అరిచాడు యాకూబ్. "పోశెట్టి బాపనాయన అయిండు. పంతులుగారూ, పంచాంగం జర చూసి చెప్పున్రి, తన్ఖా ఎప్పుడు పెరుగుతది?"

పోశెట్టి నవ్వలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి ఎడమ భుజం తడుముకున్నాడు. "రెండు భుజాలు తాకలే" అన్నాడు మెల్లగా. "ఒక్కటే. చిత్ గాదు ఇది."

"కాదు" అన్నాను.

"గట్లయితె నేర్చుకుంట. గని తాలీంల ఎవ్వనికి తెల్వద్దు సాబ్. వాళ్లకు సున్నం చూపియ్యలేను గదా."

ఆ రోజు నుంచి పత్తి గోదాములో, వ్యర్థపు పత్తి పరిచి, తలుపు దగ్గరికి వేసి నేర్చుకున్నాడు. ఆ ఒళ్లు బంతిలా దొర్లడం నేను చూశాను. పడటం వచ్చాక అతని చేతుల బిగువు కూడా తగ్గింది. ఎదుటివాణ్ణి ఎంత మెత్తగా తీసుకుపోయేవాడంటే ఓకాడా కళ్లు మెరిసేవి.

మేజర్ సాబ్

మేజర్ సాబ్ చెడ్డవాడని రాయను. కావలివాళ్ల బూట్ల కోసం, దుప్పట్ల కోసం మేనేజరుతో కొట్లాడినవాడు. కానీ పడే పాఠం నేను కవాతులో పెట్టినప్పుడు ఆయనే తీసేయించాడు.

"యూనిఫాంల ఉన్న మనుషులు మట్టిల పొర్లుతుంటె కూలోళ్లు నవ్వుతలేరా? పడుడు నేర్పనీకె తన్ఖా ఇస్తున్నమా హవల్దార్? పడగొట్టుడు నేర్పు."

అందుకే గోదాములో తలుపు మూసి నేర్చుకోవలసి వచ్చింది. మేజర్ సాబ్ కూడా ఓకాడా దగ్గర కొన్ని పూటలు మణికట్టు పట్టు నేర్చుకున్నాడు, దొర్లడం తప్ప. ఆయన సాధన చేసింది మా కావలివాళ్ల మీద. పై అధికారి చెయ్యి పట్టి తిప్పుతుంటే ఏ కావలివాడు నిలబడతాడు? ఆయన అడుగు వేయకముందే పడిపోయేవాళ్లు. యాకూబ్ అయితే "యా అల్లా" అని అరిచి మరీ పడేవాడు. పక్కకు వచ్చి, "సాబ్ చెయ్యి ఇంక తగలనే లే, నేనే తొందరపడ్డ" అనేవాడు. మేమంతా నవ్వుకున్నాం. ఆ నవ్వులో మేజర్ సాబ్‌కు ఏం నేర్పుతున్నామో మాకు తోచలేదు. తన చేతికి విద్య వచ్చేసిందని ఆయన నిజంగానే నమ్మాడు. బిగుసుకున్న మణికట్టు ఎట్లా ఉంటుందో ఆయన చెయ్యి ఎన్నడూ ఎరగదు.

పై అధికారిగా ఉండి ఈ విద్య నేర్చుకునేవాళ్లు, తమ కింద పనిచేయని మనిషితో సాధన చెయ్యాలి. ఇంతకంటే ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు.

ఆదివారం

ఓకాడా పని ముగిసి ఆ నెలలోనే వెళ్లిపోతున్నాడని, మేనేజరు ముందు ఒక ప్రదర్శన పెట్టించాడు మేజర్ సాబ్. ఆదిలాబాద్‌లో కుస్తీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు చూడాలని గణపతి వస్తాద్‌ను కూడా పిలిపించాడు. ఆ సంగతి మాకు తెలిసింది, వస్తాద్ జీపు దిగినప్పుడే. పోశెట్టి పోయి ఆయన కాళ్లు మొక్కి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు దిగకు. యాకూబ్, నేను చూసుకుంటం" అన్నాను. సరేనన్నాడు.

ముందు ఓకాడా నాతో చేసి చూపించాడు, తర్వాత యాకూబ్‌తో. మేమిద్దరం దొర్లి లేచాం. తాలీం శిష్యులు మూతులు తిప్పుకున్నారు. "గిదేం పట్టు? వాళ్లే పడుతున్నరు" అని ఒకడు అనడం వినిపించింది. మేజర్ సాబ్‌కూ వినిపించినట్టుంది. కోటు విప్పి గోదాలోకి దిగాడు.

"పోశెట్టి! ఇటు రా."

పోశెట్టి నా వైపు చూశాడు, వస్తాద్ వైపు చూశాడు. మరో మనిషిని పిలవమని నేను ఇంగ్లీషులో మేజర్ సాబ్‌కు చెప్పాను. ఆయన చెయ్యి విదిలించాడు. పోశెట్టి చెప్పులు విడిచి, గోదా మట్టి కళ్లకద్దుకుని లోపలికి వచ్చాడు. అది కుస్తీకి దిగేవాడు చేసే పని.

మేజర్ సాబ్ మణికట్టు పట్టి తిప్పాడు. పోశెట్టి కదలలేదు. ఇంకోసారి తిప్పాడు. కదలలేదు.

"శభాష్ పైల్వాన్!" అని తాలీం శిష్యులు చప్పట్లు కొట్టారు. "నిలబడు పోశన్నా, నిలబడు!" మేనేజరు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేజర్ సాబ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన ఎడమ చెయ్యి పోశెట్టి ముఖం మీదికి విసిరాడు. పోశెట్టి తల వెనక్కి పోయింది. ఆ సందులో మేజర్ సాబ్, కాలు కదపకుండా, ఒంటి బరువంతా వేసి మణికట్టును కిందికి తిప్పాడు. కొట్టు, పట్టు, విరువు. సార్జెంటు ఉంటే మెచ్చుకునేవాడు. ఓకాడా వాళ్ల భాషలో ఏదో అరుస్తూ లేచాడు. "పోశెట్టీ, దొర్లు!" అని నేను అరిచాను.

అతనికి దొర్లడం వచ్చు. ఆ పట్టుకు కుడి భుజం అప్పగిస్తే గాలిలో తిరిగి మెత్తగా లేచేవాడు. నిలబడ్డాడు. తడిసిన కర్ర విరిగినట్టు చప్పుడైంది.

మోకాళ్ల మీదికి వచ్చాడు. పడలేదు. మేజర్ సాబ్ చేతిని వదిలేసి, దాని వంక చూస్తూ నిలబడిపోయాడు. పోశెట్టి మోకాళ్ల మీదే కాసేపు ఉండి, కళ్లు తేలేసి పక్కకు ఒరిగాడు. నేనూ ఓకాడా కలిసి చేతిని ఎత్తి పట్టుకుని, వెల్లకిలా మట్టిలో పడుకోబెట్టాం. మణికట్టుకు చెక్క కట్టడానికి మరో దారి లేదు. చప్పట్లు కొట్టినవాళ్లంతా చూశారు. వస్తాద్ చూశాడు. పోశెట్టికి తెలివి లేదు.

"నేను పడుమన్న. పడకపాయె" అని మేజర్ సాబ్ ఒకటికి రెండుసార్లు అన్నాడు.

జుజుత్సు గట్టిదా, ఐకిడో గట్టిదా అని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఆ గోదాలో ఉన్నది ఒకే పట్టు. ఓకాడా చేతిలో అది మనిషిని పడుకోబెట్టింది, మేజర్ సాబ్ చేతిలో విరిచింది. కానీ విద్యలో సగం పట్టినవాడి దగ్గర ఉంటే, మిగతా సగం పడేవాడి దగ్గర ఉంటుంది. వాడు పడలేని మనిషి కావచ్చు, పడకూడదనుకున్న మనిషి కావచ్చు. ఎందుకు పడకూడదనుకున్నాడో చేతికి తెలియదు. తెలిసేదల్లా బిగువు. బిగువు తగిలితే వదలండి. పదిమంది నవ్వినా వదలండి.

మరునాడు

సోమవారం పొద్దున నేను ఆదిలాబాద్ దవాఖానకు పోయేసరికి డాక్టరు పోశెట్టి మంచం దగ్గర నుంచి వస్తున్నాడు. వరండాలో ఆపి అడిగాను. మణికట్టు దగ్గరి ఎముకలు రెండూ విరిగాయి, మోచెయ్యి కీలు తప్పింది. "అన్నం తింటడు, తాళం తీస్తడు. గట్టిగ పట్టుకునే పని మాత్రం ఇగ కాదు" అన్నాడు.

లోపల పోశెట్టి భార్య గంగు మంచం పట్టె మీద కూర్చుని ఉంది. పోశెట్టి చెయ్యి మెడ దాకా పట్టీలతో చుట్టి ఉంది. నన్ను చూసి గంగు లేవలేదు. "రా సాబ్. నువ్వు సుత జూడు" అంది, అంతే.

కాసేపటికి గణపతి వస్తాద్ వచ్చాడు. తాలీం నుంచి నడుచుకుంటూ వచ్చినట్టున్నాడు, ధోవతి అంచు దుమ్ము కొట్టుకుని ఉంది. చేతిలో పాల చెంబు. పోశెట్టి లేవబోయాడు.

"పండు, పండు."

"వస్తాద్" అన్నాడు పోశెట్టి. "నాకు యాదికి లేదు. ఈపు తాకిందా?"

గంగు ఒక్క ఉదుటున లేచింది. "ఈపు, ఈపు! ఇంక ఈపు సంగతేనా నీకు? చెయ్యి వోయింది, చెయ్యి! డాక్టర్ సాబ్ చెప్పింది ఇనలేదా? రేపు నౌకరీ ఎవలు జేస్తరు, పొయిల కట్టె ఎవలు వెడ్తరు?" ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

పోశెట్టి ఆమె వైపు చూడలేదు. వస్తాద్ ముఖంలోకే చూస్తున్నాడు.

"తాకలే బిడ్డా" అన్నాడు వస్తాద్. "నేను జూసిన గదా. మోకాళ్ల మీద ఉంటివి. ఆఖరు దాక మోకాళ్ల మీదనే ఉంటివి."

పోశెట్టి కళ్లు మూసుకున్నాడు. ముఖంలో బిగువంతా సడలింది.

వస్తాద్ నన్ను సైగ చేసి వరండాలోకి తీసుకుపోయాడు. స్తంభానికి ఆనుకుని నిలబడి, "వానికి పడుడు వచ్చునా?" అని అడిగాడు.

వచ్చునన్నాను. గోదాములో తలుపు మూసుకుని నేర్చుకున్నాడని, ఎవరికీ చెప్పొద్దన్నాడని చెప్పాను.

"మరి పడకపాయె ఎందుకు?"

"నువ్వు కూసున్నవని" అన్నాను.

వరండా కింద రోగుల చుట్టాలు పొయ్యి రాజేసుకుంటున్నారు, వస్తాద్ ఆ పొగ వైపు చూశాడు.

"గది కుస్తీ గాదు గదా హవల్దార్ సాబ్" అన్నాడు. "దొరలు ఆడిచ్చిన ఆట. గా ఆటల ఈపు తాకితె ఎవడు లెక్కవెడ్తడు? పడి లేస్తె నేనే నవ్వెటోన్ని. నా కొడుకు పిల్లిమొగ్గలేసిండని నవ్వెటోన్ని." స్తంభం మీద ఆనించిన చెయ్యి జారింది. అక్కడే గచ్చు మీద గొంతుకూర్చున్నాడు. ఆ పెద్ద శరీరం శబ్దం లేకుండా కదలడం చూస్తూ నేను నిలబడ్డాను. పట్టుకుని లేపడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

లోపలి నుంచి గంగు పిలిచింది. "వస్తాద్, ఎడమ చేత్తోని తాగొస్తలేదు. పాలు మీద వోసుకుంటుండు. జర వచ్చి పట్టరాదు."

వస్తాద్ ధోవతి కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయాడు. పోశెట్టి మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి, గ్లాసు పెదాలకు ఆనించాడు.

"మెల్లగ" అన్నాడు. "నేను వట్టుకున్న."